మొక్కల సారం, క్యాన్సరు కణం: ఒక గుమాస్తా మనవి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం మన కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, "డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్ఫై అయిదేళ్ళు కాగితాల మధ్య గుమాస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో రిటైరైనవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. దానికి కారణం ఉంది.

మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమధ్య ఒక సమాచారం తిరిగింది. బిళ్ళగన్నేరు ఆకు పసరు పరగడుపున తాగితే క్యాన్సరు పోతుందని, విదేశీ శాస్త్రజ్ఞులు దీన్ని ప్రయోగశాలలో రుజువు చేశారని, డాక్టర్లు కావాలనే దాచిపెడుతున్నారని దాని సారాంశం. ముగ్గురు సభ్యులు నన్ను అడిగారు, "మీ మేనకోడలు ఆ రంగంలోనే ఉంది గదా, ఇది నిజమేనా" అని. ఆ ముగ్గురిలో ఒకరి ఇంట్లో జబ్బుమనిషి ఉన్నారు. అటువంటప్పుడు నాకెందుకులే అని ఊరుకోవడం భావ్యం కాదనిపించింది.

మధ్యలో లేచి వెళ్ళవలసినవారి కోసం జవాబు ముందే చెబుతాను. సదరు సమాచారంలో సగం నిజం ఉంది. పూర్తి అబద్ధమైతే మనం ఎలాగూ నమ్మం. సగం నిజంతోనే వచ్చింది చిక్కు.

ప్రయోగశాలలో చూసినది

మా మేనకోడలు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తూ ఉంది. మొక్కల నుంచి తీసిన సారం మనిషి క్యాన్సరు కణాల మీద ఎలా పనిచేస్తుందో చూడడం ఆమె పని. రెండేళ్ళ క్రితం నేను హైదరాబాదు వెళ్ళినప్పుడు తీసుకువెళ్ళి చూపించింది.

ఆకును నీడన ఆరబెడతారు. మన ఇళ్ళల్లో కరివేపాకు పొడికి ఆరబెట్టినట్టే. పొడి కొట్టి, మిథనాలులోనో నీళ్ళలోనో నానవేసి, వడగట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తే అడుగున తారులాంటి జిగురు మిగులుతుంది. దాన్నే సారం అంటారు. అందులో ఒక పదార్థం కాదు, వందల పదార్థాలు కలిసి ఉంటాయి.

ఇక కణాలు. ఆమె వాడే కణాలకు 'హీలా' అని పేరు. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి గృహిణికి గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరు వచ్చింది. 1951లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆమె కణితి నుంచి చిన్న ముక్క తీశారు. ఆమెను అడగలేదు, చెప్పలేదు. ఆమె ఆ ఏడాది అక్టోబరులోనే, 31 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆ కణాలు మాత్రం గాజు సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయి, ఈనాటికీ ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. ఇరవై ఏళ్ళ పైచిలుకు దాకా ఆ సంగతి ఆమె పిల్లలకే తెలియదట. ఎవరి కణాల మీద ఇంత విజ్ఞానం నడుస్తున్నదో ఆ తల్లి పేరు ఒక్కసారైనా తలుచుకోవడం న్యాయమని ఇక్కడ చెప్పాను.

మన వామనగుంటల పీటకు పద్నాలుగు గుంటలుంటే, వాళ్ళ ప్లాస్టిక్ పలకకు 96 గుంటలు. ఒక్కొక్క గుంటలో కొన్ని వేల కణాలు వేసి, సారాన్ని తక్కువ నుంచి ఎక్కువకు మోతాదు పెంచుకుంటూ పోస్తారు. మన ఒంటి వేడికి సరిపడా 37 డిగ్రీల పెట్టెలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. తర్వాత పసుపు పచ్చని రంగుమందు ఒకటి వేస్తారు. బతికున్న కణం ఆ పసుపును ఊదారంగుగా మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. ఎంత ఊదారంగు వచ్చిందో యంత్రం కొలిచి చెబుతుంది. సగం కణాలను ఆపిన మోతాదును ఐ.సి. 50 అంటారు. పత్రికల్లో మనం చదివే "ఫలానా ఆకు క్యాన్సరును చంపింది" అన్న వార్తల్లో చాలా భాగం ఈ పలక దగ్గర పుట్టినవే.

"అయితే మందు దొరికినట్టేనా అమ్మాయ్?" అన్నాను, ఒక వరుసలో ఊదారంగు బాగా తగ్గిపోవడం చూసి.

"ఆ చివరి వరుస కూడా చూడు మావయ్యా. అందులో ఆకు లేదు, ఏమీ లేదు. నీకు చూపిద్దామని ఒట్టి మిథనాలే కాస్త ఎక్కువగా పోశాను. అక్కడా చచ్చాయి" అంది.

నాకు నోట మాట రాలేదు. పలకలో ఉన్న కణాన్ని చంపడం గొప్ప కాదు. ఫినాయిలు పోసినా చస్తుంది. పక్కనున్న మంచి కణాన్ని చంపకుండా, మనిషిని చంపకుండా, క్యాన్సరు కణాన్ని చంపడమే గొప్ప.

ఇన్‌వర్డు నంబరు, జి.ఓ.

మనందరం ఆఫీసులో పనిచేసినవాళ్ళం కనుక మన భాషలో చెబుతాను. తపాలులో ఒక అర్జీ వస్తుంది. దానికి ఇన్‌వర్డు నంబరు వేసి, పర్సనల్ రిజిస్టరులో ఎక్కిస్తాం. అర్జీదారు ఆ నంబరు చూసుకుని "నాకు స్థలం శాంక్షనైంది" అని ఊరంతా చెప్పుకుంటే మనం ఏమంటాం? నంబరు పడింది నాయనా, ఇంకా నోటు పుటప్ కావాలి, రిపోర్టులు రావాలి, పై అధికారి చూడాలి, డ్రాఫ్టు కావాలి, ఆ తర్వాత గదా ఉత్తర్వు అంటాం.

పలక మీద కణం చావడం ఇన్‌వర్డు నంబరు పడడం. తరువాత ఆ వందల పదార్థాల్లో పనిచేసేది ఏదో విడదీయాలి. ఎలుకల మీద చూడాలి. ఆ పైన మనుషుల మీద మూడు దశలు. మొదటి దశలో ఎంత మోతాదు ఒళ్ళు తట్టుకుంటుందో చూస్తారు. రెండో దశలో కణితి తగ్గుతున్నదా లేదా అని చూస్తారు. మూడో దశలో వందల మంది రోగులను తీసుకుని, ఇప్పుడున్న వైద్యంతో పోల్చి, ఇది మెరుగా కాదా తేలుస్తారు. అప్పుడు గాని జి.ఓ. రాదు.

ఎన్ని ఫైళ్ళు చివరిదాకా వెళతాయో కూడా చెబుతాను. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1960 నుంచి 1982 వరకు సుమారు 35,000 జాతుల మొక్కల నుంచి 1,14,000 సారాలు తీయించి పరీక్షించింది. అంత తపాలులోంచి మందులుగా నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కించదగినవి. మిగతావన్నీ మన భాషలో ఎల్.డిస్. అయ్యాయి.

ఎందుకు ఆగిపోతాయంటారా? గుమాస్తాను కనుక ఒక చిన్న లెక్క వేశాను. ఒక సారానికి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు కావాలనుకోండి. మన ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఒక్క రక్తంలోనే అంత చిక్కదనం ఉండాలంటే అర గ్రాము సారం ఒకేసారి రక్తంలోకి చేరి, రెండు రోజులు చెక్కుచెదరకుండా నిలబడాలి. కాని మనం తాగినది ముందు జీర్ణాశయంలో మారిపోతుంది, పేగు కొంతే పీల్చుకుంటుంది, ఆ పీల్చుకున్నదాన్ని కాలేయం విరగ్గొడుతుంది. మన వంటింటి పసుపునే తీసుకోండి. అందులోని కర్కుమిన్ పలక మీద ఎన్నో రకాల క్యాన్సరు కణాలను ఆపింది. మనుషులకు రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ మింగించి చూసినా రక్తంలో కనిపించినది అత్యల్పం. కర్కుమిన్ మీద వచ్చిన వేలాది వ్యాసాలను జల్లెడ పట్టి 2017లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు ఒక సమీక్ష ప్రచురించారు. పోలికతో, పకడ్బందీగా జరిగిన పరీక్షల్లో అది నెగ్గినట్టు ఒక్కటీ దొరకలేదని తేల్చారు. కూరలో పసుపు మానమని కాదు నా మాట. కూర కూరే, వైద్యం వైద్యమే.

బిళ్ళగన్నేరు కథ

ఇక సగం నిజం సంగతి. బిళ్ళగన్నేరు నిజంగానే క్యాన్సరుకు మందు ఇచ్చింది. మన గోడవారగా, గుడి ఆవరణలో, రైల్వే స్టేషను పూలకుండీల్లో పూసే ఆ మొక్క స్వస్థలం మడగాస్కరు దీవి. చాలా దేశాల్లో దాన్ని షుగరుకు వాడేవారు. మన వైపూ ఆ అలవాటు ఉంది.

1952లో జమైకా నుంచి ఒక కెనడా డాక్టరుకు ఈ ఆకులు పోస్టులో వచ్చాయి, అక్కడి జనం షుగరుకు కషాయం తాగుతున్నారని. ఆయన వాటిని తన తమ్ముడు రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రజ్ఞుడికి ఇచ్చాడు. ఆకు సారం నోటి ద్వారా ఇస్తే ఎలుకల రక్తంలో చక్కెర తగ్గనేలేదు. సూది ద్వారా ఎక్కిస్తే కొద్ది రోజుల్లో ఎలుకలు అంటువ్యాధులు సోకి చనిపోయాయి. ఎందుకా అని చూస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరగడమే గదా ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సరు. అక్కడ తట్టింది వారికి. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని విడదీశారు. అదే కాలంలో అమెరికాలోని ఇలై లిల్లీ కంపెనీవారు అదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్ కూడా తీశారు. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ల్యుకేమియా వచ్చిన పసిపిల్లలు దాదాపు అందరూ చనిపోయేవారు. విన్‌క్రిస్టిన్‌ను ఇతర మందులతో కలిపి ఇవ్వడం మొదలై, ఆ కలయికలు మెరుగుపడుతూ వచ్చి, ఇవాళ మంచి వైద్యం అందే దేశాల్లో పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మొక్కను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలాగని ఆకు నమలబోయేవాళ్ళు ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఈ లెక్కన పది గ్రాముల ఎండుటాకులో చేతికందేది మిల్లీగ్రాములో యాభయ్యో వంతు. మందుకు ఎంతమాత్రం చాలదు. మరోవైపు ఆ ఆకులో వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లు ఉన్నాయి. వాటిలో ఏది ఎంత ఉందో మన పసరు గ్లాసులో కొలిచేవాడు లేడు. డాక్టర్లు విన్‌క్రిస్టిన్ ఇచ్చేటప్పుడు పెద్దవాళ్ళకు కూడా సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నెముకలోకి ఎక్కితే ప్రాణం పోతుంది. అంత పదునైన మందు అది.

ముప్ఫై ఏళ్ళు నడిచిన ఫైలు

రెండో ఉదాహరణ 'యూ' అనే చెట్టు. అమెరికా పడమటి తీరపు అడవుల్లో పెరుగుతుంది. 1962లో ఆర్థర్ బార్క్‌లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రంలో దాని బెరడు సేకరించాడు. 1964లో మన్రో వాల్ ప్రయోగశాలలో ఆ సారం క్యాన్సరు కణాలను చంపుతుందని తెలిసింది. ఇన్‌వర్డు నంబరు పడిందన్నమాట. పనిచేసే పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి ప్రకటించేసరికి 1971 అయింది. ఆ పనిలో వాల్‌కు భాగస్వామి మన దేశస్థుడే, మహారాష్ట్రలోని నందుర్బారులో పుట్టిన మన్సుఖ్ వాణి. 1979లో సూసన్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త అది ఎలా పనిచేస్తుందో కనిపెట్టింది.

కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని తాళ్ళు పేనుకుని, సరుకును చెరో సగం లాగుతాయి. పని కాగానే ఆ తాళ్ళు విడిపోతాయి. బిళ్ళగన్నేరు మందు ఆ తాళ్ళను పేననివ్వదు. యూ చెట్టు మందు పేనిన తాళ్ళను విడిపోనివ్వదు. ఎటైనా కణం చీలలేక చస్తుంది. జుట్టు మొదళ్ళలో, ఎముక మూలుగలో కూడా కణాలు త్వరత్వరగా చీలుతుంటాయి కనుక అవీ దెబ్బతింటాయి. జుట్టు రాలడం, తెల్లకణాలు తగ్గడం అందుకే.

ఆ మందు నీళ్ళలో కరగదు. మన ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కరిగించి ఎక్కించారు. దానికి కొందరికి ఎలర్జీ వస్తే, ముందుగా వేరే సూదులు ఇవ్వడం నేర్చుకున్నారు. చివరకు 1992లో అండాశయ క్యాన్సరుకు, 1994లో రొమ్ము క్యాన్సరుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1962 నుంచి 1992 దాకా, ముప్ఫై ఏళ్ళు. ఆ మందు పేరు పాక్లిటాక్సెల్. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

"ఆకే గదా, నష్టమేముంది?"

ఇది మనందరి నోటా వచ్చే మాట. దీనికి జవాబు మన తెలుగువాడి కథలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని వారుండరు. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో వేరే శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి వేరుచేశారు. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథ్యం వహించినవారు సుబ్బారావుగారు. ఒంటికి ఎంతో మేలు చేసే పదార్థం అది, రక్తహీనతకు మందు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, ఆ కోవకు చెందిన పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత జోరందుకుందని గమనించాడు. మంచి కణానికి తిండి అయినది క్యాన్సరు కణానికీ తిండే. అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లంలా కనిపించి దాని పనిని అడ్డుకునే మందు కావాలన్నారు. సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చిన అమినాప్టెరిన్‌తో 1948లో మొదటిసారిగా ల్యుకేమియా పిల్లల్లో కొందరికి, కొంత కాలమైనా జబ్బు వెనక్కు తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. దాని తమ్ముడైన మిథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. కనుక 'మంచిదే గదా' అన్న మాట ఆరోగ్యవంతుడికి ఒకలాగ, రోగికి ఒకలాగ ఉండవచ్చు.

ఆప్రికాట్ గింజల నుంచి తీసిన లేట్రిల్ అనే మందుకు కూడా ఒకప్పుడు అమెరికాలో ఇలాగే పేరొచ్చింది. జనం పోరగా పోరగా 178 మంది రోగుల మీద పరీక్షించి 1982లో ఫలితం ప్రకటించారు. మేలు కనబడలేదు. కొందరి రక్తంలో సయనైడు ప్రమాదకరస్థాయికి దగ్గరగా చేరింది. అదీ గింజే, ప్రకృతి ఇచ్చినదే.

నా పొరపాటు

ఇంతవరకు చదివి తెలుసుకున్నది చెప్పాను. ఇక స్వయంగా చేసినది చెబుతాను. చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను.

2009 వినాయక చవితికి మా చెల్లెలు మా యింటికి వచ్చింది. మా ఆవిడతో వంటింట్లో, "వదినా, రొమ్ములో ఇక్కడేదో గోళీకాయలా తగులుతోంది, నొప్పి మాత్రం లేదు" అంది. ఊళ్ళో డాక్టరుకు చూపించాం. సూది పరీక్ష చేయించమన్నారు. సూది గుచ్చినా, కత్తి తగిలినా అది ఒళ్ళంతా పాకుతుందని ఎవరో చెల్లెలికి చెప్పారు. ఆ మాట నిజం కాదు. అప్పుడు నాకు తెలియదు.

సరిగ్గా అప్పుడే పత్రికలో ఒక వార్త చదివాను. ఫలానా ఆకు సారం రొమ్ము క్యాన్సరు కణాలను నాశనం చేస్తుందని. కత్తిరించి, ముఖ్యమైన చోట ఎర్ర సిరాతో గీత గీసి, చెల్లెలికి నేనే పంపాను. ఆ ఆకు పసరు ఇచ్చే మనిషి ఆచూకీ నేనే కనుక్కున్నాను. పదిహేను రోజులకొకసారి బస్సెక్కి వెళ్ళి సీసాలు నేనే తెచ్చి ఇచ్చాను. రిటైరయ్యాను, పనేముంది, చెల్లెలికి ఈ మాత్రం చేయలేనా అనుకున్నాను. అయిదు నెలలు తాగింది. "కాస్త మెత్తబడినట్టుంది అన్నయ్యా" అనేది. నన్ను సంతోషపెట్టడానికే అనేదని తర్వాత మా ఆవిడ చెప్పింది.

సంక్రాంతి వెళ్ళాక చంకలో కూడా గడ్డలు వచ్చి, చర్మం చితికింది. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాం. ఆపరేషను అయింది. ఎర్రమందు ఎక్కించారు. తర్వాత వారం వారం ఇంకొక తెల్లని మందు. ఒకరోజు సీసా కేసి చూస్తూ కూర్చున్న నన్ను చూసి అక్కడి డాక్టరమ్మ, "ఏమిటి బాబాయిగారూ అలా చూస్తున్నారు? ఇదీ చెట్టు నుంచి వచ్చిందే" అంది. పాక్లిటాక్సెల్. నేను అయిదు నెలలు వెదికిన మొక్క మందు, సరైన మోతాదులో, మొదటి రోజు నుంచే ఆ ఆసుపత్రి అలమారలో ఉంది.

మా చెల్లెలు 2013లో పోయింది. వెంటనే వెళ్ళి ఉంటే తప్పక బతికేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని ఆ అయిదు నెలలు ఆమెకు దక్కకుండా చేసినది నేనే. ఒక్కనాడైనా నన్ను ఒక్క మాట అనలేదు.

కర్మకాండలయ్యాక ఆమె ట్రంకుపెట్టెలో ఆ కత్తిరింపు దొరికింది. మళ్ళీ చదివాను. నేను గీత గీసిన వాక్యం కింద రెండు పేరాల తర్వాత, ఇవి ప్రయోగశాలలో కణాల మీద జరిపిన పరీక్షలు మాత్రమేనని, జంతువుల మీద, మనుషుల మీద పరిశోధన ఇంకా జరగవలసి ఉందని స్పష్టంగా అచ్చయి ఉంది. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఎన్‌క్లోజరు చదవకుండా ఏ కాగితమూ పుటప్ చేయలేదని చెప్పుకునేవాణ్ణి. సొంత చెల్లెలి విషయంలో 'విషయము' అన్న ఒక్క వరుస చదివి ముందుకు నడిపించాను.

ఇందాక ప్రయోగశాలలో పలక చూపించిన మేనకోడలు ఆ చెల్లెలి కూతురే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంవారు 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. నయం కాగల దశలో ఉన్న క్యాన్సరుకు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న 281 మందిని, వైద్యం చేయించుకున్నవారితో పోల్చారు. మొదటివారిలో మరణం ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సరులో అయితే అయిదు రెట్లకు పైనే.

మనం చేయవలసినవి

పెద్దలకు, ముఖ్యంగా వారి పిల్లలకు నా మనవులు నాలుగు.

ఒకటి. రొమ్ములో గడ్డ, మూడు వారాలకు మానని నోటి పుండు, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం, విడవని గొంతు బొంగురు, మలంలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ముందు డాక్టరు దగ్గరకు. ఆడవాళ్ళు సిగ్గుపడి, మగవాళ్ళు ఖర్చుకు జంకి ఆలస్యం చేయవద్దు. వైద్య పథకం కార్డులు బీరువాలో దాచుకోవడానికి కాదు.

రెండు. నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాను. మా తాతగారి చేతి కషాయాలతో పెరిగినవాణ్ణి. కాని క్యాన్సరు వైద్యం జరుగుతున్నప్పుడు ఏ ఆకు, ఏ పొడి, ఏ బిళ్ళ వేసుకుంటున్నా ఆ డాక్టరుకు చెప్పండి. కోప్పడతారని దాచవద్దు. క్యాన్సరు మందులను విరగ్గొట్టేది ఎక్కువగా కాలేయమే. దానికి అదనపు బరువు పడితే మందు మోతాదు లెక్క తప్పుతుంది.

మూడు. "ఆకు క్యాన్సరును చంపింది" అన్న వార్త కనబడితే నాలుగు ప్రశ్నలు వేయండి. పలక మీదా? ఎలుక మీదా? మనిషి మీదా? మనిషి మీదైతే ఎంతమంది మీద, ఏ వైద్యంతో పోల్చి? వీటికి జవాబు లేకపోతే అది ఇంకా ఇన్‌వర్డు నంబరు దగ్గరే ఉంది.

నాలుగు. ఆ జవాబులు దొరికేదాకా ఇంకొకరికి పంపవద్దు. మనం ప్రేమతోనే పంపుతాం. నేనూ ప్రేమతోనే పంపాను.

ఈ పరిశోధనలు వృథా అని మాత్రం అనుకోకండి. ఎన్నో మందులు పలక దగ్గరే మొదలవుతాయి. మా మేనకోడలులాంటి పిల్లలు వందల ఆకులు పరీక్షించి, తొంభై తొమ్మిది పక్కన పడేసినా, ఆ ఒక్కటి ఎవరి ఇంట్లో దీపం నిలబెడుతుందో తెలియదు. వాళ్ళ పని వాళ్ళను చేయనిద్దాం. ఫైలు నడుస్తూ ఉండగా మనం మధ్యలో లాక్కుని సంతకం పెట్టుకోవద్దు.

ఇళ్ళకు వెళ్ళి బిళ్ళగన్నేరు మొక్కలు పీకేయనక్కరలేదు. మా పెరట్లోనూ ఉన్నాయి. రోజూ పొద్దున్నే మా ఆవిడ పూజకు పూలు కోసుకుంటుంది. ఆకుల జోలికి మాత్రం పోము.